మెయిల్ ఐడీ మీ పేరు మీద, తాళం చెవి ఎవరి జేబులో?

నోటిఫికేషన్ పడిందంటే చాలు, కామవరపుకోట సెంటర్లో గానీ జంగారెడ్డిగూడెం బస్టాండు చుట్టుపక్కల గానీ నెట్ సెంటర్ల ముందు కుర్రోళ్ళు ఎలాగ నిలబడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. చేతిలో టెన్త్ మెమో, ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటో. లోపల సిస్టమ్ దగ్గర కూచున్నాయన టకటకా కొట్టేస్తుంటాడు. "మెయిల్ ఐడీ ఉందా తమ్ముడూ?" అంటాడు. "లేదన్నయ్యా." "సరేలే, నేనే క్రియేట్ చేసేస్తాను." రెండు నిమిషాల్లో ఐడీ తయారు. పాస్‌వర్డు ఆయనకి గుర్తుండేలాగ ఆయనే పెడతాడు, ఊళ్ళో అందరికీ పెట్టే పాస్‌వర్డే అది. రికవరీ ఫోన్ నంబరు అడిగితే ఆయన నంబరే ఇచ్చేస్తాడు. యాభయ్యో వందో పుచ్చుకుని ప్రింటు చేతిలో పెడతాడు. మనోడు ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేస్తాడు.

ఆ మెయిల్లోకి ఆనక ఏమొచ్చిందో ఎవరూ చూడరు. హాల్ టికెట్ వచ్చిందని మెయిల్, ఫొటో సరిగ్గా లేదు మళ్ళీ పెట్టమని మెయిల్, సర్టిఫికెట్ల పరిశీలనకి ఫలానా రోజు రమ్మని మెయిల్, అన్నీ అక్కడే పడుంటాయి. నెలలు గడిచాక "నాకు కబురే రాలేదండి" అంటాం. కబురు వచ్చింది, మనం తెరవలేని పెట్టెలో పడింది.

నెట్ సెంటరాయన్ని తిట్టడానికి ఇది రాయట్లేదండి. ఆయన ఇచ్చిన డబ్బులకి ఇచ్చిన పని చేశాడు. వెనకాల ఇరవై మంది లైన్లో ఉంటే ఒక్కొక్కరికీ కూచోబెట్టి పాఠం చెప్పలేడు కదా. నా గోలల్లా ఏంటంటే, మన కుర్రోళ్ళు రీల్సు ఎడిట్ చేయడంలో, పబ్జీలో ఎవరికీ తీసిపోరు. కానీ సొంత మెయిల్ సొంతంగా తెరవమంటే చేతులు కట్టుకుంటారు. ఇవాళ ఉద్యోగం, స్కాలర్‌షిప్పు, బ్యాంకు, బీమా అన్నీ ఆ పెట్టె చుట్టూనే తిరుగుతున్నాయి. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి జరిగింది చూశారుగా, అప్లికేషన్ దగ్గర్నుంచి కాల్ లెటర్ దాకా అంతా ఆన్‌లైన్లోనే. బ్యాంకు ఉద్యోగాల పరీక్ష పెట్టే ఐబీపీఎస్ వాళ్ళయితే తమ నోటిఫికేషన్లోనే రాస్తారు: మీ సొంత మెయిల్ ఐడీ ఇవ్వండి, ఎంపిక అంతా అయ్యేదాకా అది పనిచేస్తూ ఉండాలి, వేరేవాళ్ళది ఇవ్వొద్దు, మీది వేరేవాళ్ళతో పంచుకోవద్దు అని. అది చదివేవాడు వందకి ఒకడు ఉంటాడేమో నాకు అనుమానమే.

ముందు తాళం చెవి తెచ్చుకోండి

మీ మెయిల్ నెట్ సెంటర్లో పుట్టిందా? అయితే ఇవాళే చేయాల్సిన పని ఇది. ఆయన దగ్గరకెళ్ళి మర్యాదగా పాస్‌వర్డు అడగండి. మీ ఫోన్లో ఆ ఐడీతో లాగిన్ అవ్వండి. ఆయన నంబరుకి ఓటీపీ వెళ్తే అక్కడే నిలబడి చెప్పించుకోండి, అందుకే ఇంటి దగ్గర్నుంచి కాకుండా స్వయంగా వెళ్ళమంటున్నాను. లోపలికి వెళ్ళాక గూగుల్ అకౌంట్ సెట్టింగుల్లో సెక్యూరిటీ అని ఉంటది. అందులో రికవరీ ఫోన్ దగ్గర మీ నంబరు పెట్టండి. రికవరీ మెయిల్ దగ్గర ఇంట్లో అన్నదో అక్కదో, నమ్మకమైన వాళ్ళది పెట్టండి. ఆయన నంబరు తీసెయ్యండి. పాస్‌వర్డు మార్చండి. మార్చాక అదే సెక్యూరిటీ పేజీలో 'మీ పరికరాలు' అని కనపడుద్ది, ఈ ఐడీ ఏ ఏ ఫోన్లలో, ఏ ఏ సిస్టముల్లో తెరిచి ఉందో అక్కడ చూపిస్తది. మీది కాని ప్రతిదాన్నీ సైన్ అవుట్ కొట్టెయ్యండి. అంతా కలిపి పావుగంట పని.

పాస్‌వర్డు గురించి ఒక మాట. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, హీరో పేరు పక్కన 123, ఇవి పాస్‌వర్డులు కావు. మనకి ఒక సులువు ఉంది. మన యాసలో మనం ఇంట్లో అనుకునే మాటలు, ఒకదానికొకటి సంబంధం లేనివి, నాలుగు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. మీ అమ్మమ్మ వాడే మాటొకటి, చేలో వాడే పనిముట్టు పేరొకటి, తినే వస్తువొకటి, ఎక్కడో విన్న ఊరి పేరొకటి. మధ్యలో ఒక అంకె. పొడుగ్గా ఉంటది, మీకు మర్చిపోదామన్నా పోదు, బయటోడికి అంత తేలిగ్గా తట్టదు. సామెతలూ సినిమా పాటలూ మాత్రం వద్దు, అవి అందరికీ తెలిసినవే. మెయిల్‌కి పెట్టింది మెయిల్‌కే ఉంచండి. ఏదో షాపింగ్ సైటుకీ, ఏదో గేముకీ అదే పెడితే, ఆ సైటు వాళ్ళ దగ్గర దొంగతనం జరిగిన రోజున మీ మెయిల్ కూడా పోద్ది.

టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఇంకోటి ఉంటది, అది ఆన్ చేసుకోండి. అంటే పాస్‌వర్డు తెలిసినా సరే, మీ ఫోన్ చేతిలో లేకపోతే తలుపు తెరుచుకోదు. మరి ఫోను పోతేనో? కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద పనిచేసే కుర్రోళ్ళకి ఫోను నీళ్ళల్లో పడ్డం కొత్తేం కాదు. అందుకని గూగుల్ వాడు బ్యాకప్ కోడ్‌లు ఇస్తాడు. పది కోడ్‌లు, ఒక్కోటీ ఎనిమిది అంకెలు, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తది. అవి ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసుకుని దాచుకుంటే ఏం లాభం, ఫోన్‌తో పాటే పోతాయి. కాగితం మీద రాసి, ఇంట్లో పొలం పాస్‌బుక్కు పెట్టే చోట పెట్టండి.

సిమ్ సంగతి కూడా చెప్పుకోవాలి. మనోళ్ళు ఆఫర్ చూసి సిమ్ మార్చేస్తారు, పాతది రీఛార్జి చేయరు. కొన్నాళ్ళకి ఆ నంబరు కట్ అవుద్ది. కట్ అయిన నంబరుని 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరు, ఆ తర్వాత ఇవ్వొచ్చు. ఇది 2023 నవంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన విషయం. అంటే మీ పాత నంబరు రేపు ఎక్కడో ఇంకెవరి చేతిలోనో ఉంటది, మీ మెయిల్ ఓటీపీ అతనికి వెళ్తది. సిమ్ మార్చేముందు మెయిల్, బ్యాంకు, ఆధార్ మూడు చోట్లా నంబరు మార్చుకున్నాకే పాతది వదిలెయ్యండి. ఆధార్‌లో నంబరు మార్చే పని ముందు పెట్టుకోండి.

ఇంకోటి. ఇంటర్లో ఉన్నప్పుడు చేయించిన ఐడీ, అప్పట్నుంచి తెరవలేదు, ఉంటదిలే అనుకుంటున్నారా? రెండేళ్ళ పాటు అసలు వాడని అకౌంట్లని తీసేస్తామని గూగుల్ 2023 మే నెలలో చెప్పింది, ఆ డిసెంబరు నుంచి మొదలెట్టింది కూడా. అందులో మెయిల్సు, ఫొటోలు అన్నీ పోతాయి. కనీసం నెలకోసారైనా తెరిచి చూడండి.

నెట్ సెంటర్లో కూచున్నప్పుడు

ఇంటి దగ్గర కంప్యూటర్ లేనోళ్ళం, నెట్ సెంటర్ మానెయ్యమని చెప్తే అది పట్నం సలహా అవుద్ది. వెళ్ళండి. కానీ మెయిల్ అక్కడ తెరవాలంటే బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో విండో తెరిపించుకుని అందులో తెరవండి. ఆ విండో మూసేస్తే లాగిన్ కూడా పోద్ది. పాస్‌వర్డు సేవ్ చేయమంటారా అని పైన అడిగితే 'నెవర్' నొక్కండి. పాస్‌వర్డు మీరే కొట్టండి, నోటితో చెప్పొద్దు, పక్కనోడు కూడా వింటాడు.

అన్నిటికంటే మన వైపు ఎవరూ పట్టించుకోనిది డౌన్‌లోడ్స్ ఫోల్డరు. ఏ నెట్ సెంటర్లోనైనా ఓసారి అది తెరిచి చూడండి, ఊరందరి ఆధార్లు, పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, ఆడపిల్లల ఫొటోలతో సహా వరసగా ఉంటాయి. ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టుకుని పట్టుకుపోవచ్చు. మీ పని అయ్యాక మీ ఫైళ్ళు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి అప్పుడు లేవండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ కాగితం. వాట్సాప్ వెబ్‌లో మీ ఫోన్ కలిపి ప్రింట్లు తీసుకున్నారా, అయితే ఫోన్లో వాట్సాప్ తెరిచి లింక్‌డ్ డివైజెస్‌లోకి వెళ్ళి తీసెయ్యండి. లేకపోతే మీరు ఇంటికెళ్ళి పంపే మెసేజీలు కూడా ఆ సిస్టమ్ మీద కనపడతా ఉంటాయి.

ఆధార్ ఎక్కడైనా ఇవ్వాల్సొస్తే, మొత్తం నంబరు అక్కర్లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. చివరి నాలుగంకెలే కనపడతాయి. ఆధార్ సైటులో డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడే అది కావాలా అని అడుగుద్ది. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు అడిగితే కంగారుపడొద్దు: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, పక్కన పుట్టిన సంవత్సరం.

ఫొటో 50 కేబీ అంటే ఏంటి?

అప్లికేషన్లలో మనోళ్ళు ఎక్కువ తంటాలు పడేది ఇక్కడే. ఐబీపీఎస్ సంగతే చూడండి. ఫొటో 20 నుంచి 50 కేబీ లోపు, సంతకం 10 నుంచి 20 కేబీ లోపు ఉండాలంటారు. మన ఫోన్లో తీసిన ఫొటో మూడో నాలుగో ఎంబీ ఉంటది. ఒక ఎంబీ అంటే వెయ్యి చిల్లర కేబీ. అంటే లారీ లోడుని సైకిల్ క్యారేజీ మీద ఎక్కించమన్నట్టు. లోపలికి వెళ్ళక, ఎర్ర అక్షరాలు చూసి, చివరి రోజున రాత్రి పదకొండింటికి ఏడుపు.

ఎలాగ తగ్గించాలంటే, ముందు అక్కర్లేని గోడ, తలుపు అంతా క్రాప్ చేసి ముఖం, భుజాలు మిగల్చండి. సైజు సగం పైనే పడిపోద్ది. ఆనక ఫోన్‌తో వచ్చిన ఫొటో ఎడిటర్లోనే రీసైజ్ ఉంటే ఐబీపీఎస్ చెప్పిన 200 ఇంటూ 230 పిక్సెల్స్‌కి తెచ్చుకోండి. సంతకానికి 140 ఇంటూ 60. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి, పగటి వెలుగులో నీడ పడకుండా తీయండి. ఇంకో చిట్కా: వాట్సాప్‌లో ఫొటోని మామూలుగా పంపితే అదే కుదించేస్తది, అదే డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోద్ది. కాబట్టి సైజు తగ్గాలంటే ఫొటోగా, మెమోలు సర్టిఫికెట్లు స్పష్టంగా పోవాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు. మెమోని ఫొటోగా పంపుతారు, అవతలోడికి మార్కులు కనపడవు.

ఆన్‌లైన్లో ఉచితంగా సైజు తగ్గించే సైట్లు బోలెడున్నాయి. ఫొటోకి ఫరవాలేదు. ఆధార్, పాస్‌బుక్ మాత్రం ముక్కూ మొహం తెలీని సైట్లో పెట్టొద్దు.

సర్టిఫికెట్ల కోసం డిజీలాకర్ వాడండి. 2015లో వచ్చింది, ఇప్పటికీ మన పల్లెల్లో సగం మంది తెరిచి చూడలేదు. అందులో 'ఇష్యూడ్' కింద బోర్డు వాళ్ళే, యూనివర్సిటీ వాళ్ళే పంపిన మెమోకి చట్టం ప్రకారం అసలు కాగితంతో సమాన విలువ ఉంది. మనం ఫొటో తీసి అందులో అప్‌లోడ్ చేసుకున్నదానికి ఆ విలువ రాదు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ కూడా ఉంది, నంబరు 95523 00009. కొన్ని పనులకి ఇప్పుడు తిరగాల్సిన పని తప్పింది. అయితే ఆ పేరుతోనే, ఆ లోగోతోనే వేరే నంబర్ల నుంచి మెసేజీలు పెట్టడం ఎవరికైనా తేలికే, అందుకని నంబరు మీరే ఫోన్లో సేవ్ చేసుకుని, మీరే ముందు 'హాయ్' పెట్టండి.

ఫారం నింపేటప్పుడు బ్రౌజర్ దానంతటదే అడ్రసు నింపేస్తది చూడండి, దాన్ని నమ్మకండి. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా అయ్యింది, పాతవాటిల్లో పశ్చిమ గోదావరి అని ఉంటది. నెట్ సెంటర్ సిస్టమ్ అయితే మీకు ముందు కూచున్నోడి ఇంటి పేరు, పిన్‌కోడు నింపేస్తది. సబ్మిట్ నొక్కేముందు పైనుంచి కిందకి వేలు పెట్టి చదవండి.

తాడేపల్లీ తాడేపల్లిగూడెమూ ఒకటి కాదు

లింకు చదవడం ఎవరూ నేర్పలేదు మనకి. ఇది కూసింత ఓపిగ్గా వినండి, దీని మీదే డబ్బులు పోతున్నాయి.

కామవరపుకోట మండలంలో గుంటుపల్లి ఉంది, జీలకర్రగూడెం పక్కన, బౌద్ధ గుహలున్న ఊరు. ఇబ్రహీంపట్నం మండలంలో, విజయవాడ దగ్గర ఇంకో గుంటుపల్లి ఉంది, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉన్న ఊరు. ఉత్తరం మీద 'గుంటుపల్లి' అని మాత్రమే చూసి పోస్టుమేన్ ఏం చేయలేడు, కింద మండలం, జిల్లా చూడాలి. వెబ్ అడ్రసు కూడా అంతే. ముందు ఏముందో కాదు, చివర ఏముందో చూడాలి. అడ్రసులో మొదటి ఒంటి గీత, అదే స్లాష్, దాని కంటే ముందున్న భాగం తీసుకుని కుడి నుంచి ఎడమకి చదవండి. చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటే అది రాష్ట్ర ప్రభుత్వానిది. 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ స్కాలర్‌షిప్ డాట్ ఎక్స్‌వైజెడ్' అని ఉందనుకోండి, ముందున్న గవ్ అన్నది వట్టి వేషం, అసలు ఊరు ఎక్స్‌వైజెడ్. గవ్ డాట్ ఇన్ అనే చివర ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇవ్వరు. ముందు భాగంలో ఎవడికి ఏది కావాలంటే అది రాసుకోవచ్చు.

ఇక అక్షరాలు మార్చి మోసం చేసేది రెండో రకం. తాడేపల్లి గుంటూరు జిల్లాలో ఉంది, తాడేపల్లిగూడెం మన పక్కన ఉంది. ఒక గూడెం తేడాకి బస్సు మారిపోద్ది. అలాగే బ్యాంకు పేరు పక్కన ఒక చిన్న గీత, 'కేవైసీ' అనో 'హెల్ప్' అనో ఒక తోక తగిలించి సైట్లు పెడతారు. బ్యాంకుల వరకూ ఒక మేలు జరిగింది. రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' చివరతో ఉండే అడ్రసులకి మారాలని చెప్పి అక్టోబరు 31 గడువు పెట్టింది. కాబట్టి బ్యాంకు సైటు తెరిచినప్పుడు చివర అది ఉందా లేదా చూసుకోండి.

పక్కన తాళం బొమ్మ ఉంటే మంచి సైటే అని కొందరు ఇప్పటికీ చెప్తారు. ఆ తాళానికి అర్థం, మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు దారిలో ఎవడూ వినలేడు అని. ఆ చివర కూచున్నోడే దొంగైతే తాళం ఏం చేస్తది? అందుకే క్రోమ్ వాళ్ళు 2023లో ఆ తాళం బొమ్మే తీసేసి వేరే గుర్తు పెట్టారు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళ సంగతి వేరే చెప్పాలా? పీఎం కిసాన్ అనో, బండి చలానా అనో, పెళ్ళి కార్డు అనో పేరు ఉంటది, చివర ఏపీకే అని ఉంటది. నొక్కారంటే అది యాప్. మెసేజీలు చదివే అనుమతి అడుగుద్ది, మనం ఓకే ఓకే ఓకే కొట్టేస్తాం, ఓటీపీలన్నీ వాడికి పోతాయి. పీఎం కిసాన్ ఏడాదికి ఆరు వేలు, మూడు విడతల్లో రెండేసి వేలు, బ్యాంకులో అదే పడుద్ది. ఫైలు నొక్కితే పడే డబ్బు కాదది. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. నాన్న ఫోన్లో ఎవరు చూస్తున్నారు? ఇంటికెళ్ళి నాన్న ఫోన్ తీసి, సెట్టింగుల్లో తెలీని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కీ, బ్రౌజర్‌కీ ఆపెయ్యండి.

ఇంకో రకం మోసం వ్యాపారం చేసేవాళ్ళకి. చేపల మేత, సీడు, పామాయిల్ మొక్కలు, ఎరువులు, ఏదైనా సరే, ఎప్పుడూ కొనే పార్టీ నుంచి వచ్చినట్టే మెయిల్ వస్తది. "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇకనుంచి ఈ నంబరుకి వేయండి" అని. బిల్లు అదే, లోగో అదే. ఆ మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుకి చేసి కనుక్కుంటే వాడే ఎత్తి అవునంటాడు. మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి చేయండి, మాట గుర్తుపట్టాకే డబ్బులు వేయండి. లక్షల్లో లావాదేవీలు నడిచే కైకలూరు, ఆకివీడు వైపు వ్యాపారం చూసుకునే కుర్రోళ్ళు ఈ ఒక్కటీ గట్టిగా పట్టుకోవాలి.

డబ్బు పోయిందే అనుకోండి, సిగ్గుపడి రెండ్రోజులు దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దూకే లోపు ఆపితేనే దొరికే అవకాశం. ఆనక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఖాళీ మెయిల్ పంపకండి

ఉద్యోగానికి మన పిల్లలు పంపే మెయిల్ ఎలా ఉంటదంటే, సబ్జెక్టు ఖాళీ, లోపల ఖాళీ, కింద 'రెజ్యూమ్ ఫైనల్ న్యూ 2' అని ఒక ఫైలు. అవతల కూచున్నోళ్ళు రోజుకి వందల మెయిల్స్ చూస్తారు. ఎవరో, ఏ పోస్టుకో తెలీని మెయిల్ ఎందుకు తెరుస్తారు? సబ్జెక్టులో పోస్టు పేరు, మీ పేరు, అప్లికేషన్ నంబరు రాయండి. లోపల నాలుగు ముక్కలు చాలు: నేను ఫలానా, ఫలానా చదివాను, ఫలానా ప్రకటన చూసి పంపుతున్నాను, రెజ్యూమ్ జతచేశాను, నా ఫోన్ నంబరు ఇది. ఫైలుకి మీ పేరే పెట్టండి, పీడీఎఫ్‌గా పంపండి. ఇంగ్లీషు పెద్దగా రాదని భయపడేవాళ్ళకి చెప్తున్నాను, చిన్న చిన్న వాక్యాలు రాస్తే తప్పులు తక్కువ పడతాయి.

ఐడీ పేరు కూడా చూసుకోండి. హీరో పేరుతో, 'కింగ్' తోనో 'రౌడీ' తోనో ఉన్న ఐడీ నుంచి ఉద్యోగం అడిగితే బాగోదు. అది ఫ్రెండ్స్‌కి ఉంచుకుని, మీ పేరు, ఇంటి పేరుతో ఇంకోటి చేసుకోండి.

టు, సీసీ, బీసీసీ అని మూడు గడులుంటాయి. సీసీ అంటే కార్బన్ కాపీ. మన తాతల కాలంలో టైపు మిషన్లో నల్ల కార్బన్ పెట్టి రెండో కాపీ తీసేవాళ్ళే, ఆ పేరే. ఎవరు పని చేయాలో వాళ్ళు టులో, ఎవరికి తెలిస్తే చాలో వాళ్ళు సీసీలో. బీసీసీలో పెట్టినవాళ్ళు మిగతావాళ్ళకి కనపడరు. యాభై మందికి ఒకేసారి పంపాలంటే, ఊళ్ళో సంఘం మీటింగు కబురో ఏదో, అందరినీ బీసీసీలో పెట్టండి. లేకపోతే అందరి ఐడీలూ అందరి చేతుల్లో పడతాయి.

పంపాక గుండె జారితే దానికీ మందుంది. జీమెయిల్ సెట్టింగుల్లో అన్‌డూ సెండ్ టైము 30 సెకన్లకి పెట్టుకోండి. మామూలుగా 5 సెకన్లే ఉంటది, చాలదు.

తెలుగులో రాసే వాళ్ళకి ఒక సమస్య ఎదురవుద్ది. ఊళ్ళో డీటీపీ సెంటర్లో అర్జీ టైపు చేయించి వర్డ్ ఫైలు మెయిల్లో పంపుతారు, అవతల తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనపడతాయి. ఎందుకంటే ఆ సెంటర్లలో ఎక్కువగా వాడేది అను ఫాంట్లు. అవి ఆ సిస్టమ్‌లో ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. ఫ్లెక్సీలకీ పెళ్ళికార్డులకీ అవి బాగుంటాయి, కాదనను. మెయిల్‌కి మాత్రం యూనికోడ్ కావాలి, లేదా పీడీఎఫ్ చేయించుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లోనే వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ గారు లేఖిని తెచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు కొట్టడం చాలామందికి అలవాటైంది. వాళ్ళు అంత శ్రమపడితే ఇవాళ మన ఫోన్లో జీబోర్డులో తెలుగు ఊరికే వస్తుంది, విండోస్‌లో కూడా తెలుగు ఫొనెటిక్ కీబోర్డు దానితోనే ఉంది. అయినా 'నేను రేపు వస్తాను' అని ఇంగ్లీషు లిపిలో కొట్టి పంపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. అధికారికి అర్జీ తెలుగులో పెట్టే హక్కు మనకి ఉన్నప్పుడు చదివేలాగ పెట్టుకోవాలి కదా.

మెయిల్ నిండిపోయిందని వస్తే? జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది మెయిల్‌కి ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కీ ఫొటోస్‌కీ కలిపి. ఫంక్షన్ వీడియోలు బ్యాకప్ అయ్యి నిండిపోతే కొత్త మెయిల్ రావడం ఆగిపోద్ది, అందులో మీ కాల్ లెటర్ కూడా ఉండొచ్చు. సెర్చ్ గడిలో ఇంగ్లీషులో లార్జర్ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా 10ఎమ్ అని కొట్టండి. పది ఎంబీ దాటిన మెయిల్స్ అన్నీ బయటికొస్తాయి, అక్కర్లేనివి తీసెయ్యండి. ఫొటోస్‌లో వీడియోలు కూడా చూసుకోండి. ఇక స్పామ్‌లో పడినవి 30 రోజులకి వాటంతటవే పోతాయి. ఏదైనా అప్లికేషన్ పెట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు వారానికోసారి స్పామ్ కూడా తెరిచి చూడండి, ప్రమోషన్స్ ట్యాబ్ కూడా. అక్కడ కావాల్సింది కనపడితే 'నాట్ స్పామ్' నొక్కండి, మళ్ళీసారి తిన్నగా లోపలికొస్తది.

ఇంతా చెప్పి సర్కారు వాళ్ళని ఒక్క మాట అనకుండా ఉండలేను. ప్రతి ఫారంలోనూ మెయిల్ తప్పనిసరి అంటారు, చాలా చోట్ల ఒకసారి పెట్టాక దాన్ని మార్చుకోనివ్వరు. మొదటిసారి ఫారం నింపే పల్లె పిల్లకి మెయిల్ అంటే ఏంటో స్కూల్లో నేర్పింది ఎవరు? టెన్త్ పరీక్ష అప్లికేషన్ నింపించేటప్పుడే క్లాసులో ఒక రోజు కూచోబెట్టి ప్రతి పిల్లకీ సొంత ఐడీ, సొంత పాస్‌వర్డు పెట్టించొచ్చు. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, వాళ్ళతో నెలకో పూట ఈ పని చేయించొచ్చు. దానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అక్కర్లేదు. అది జరిగే దాకా మాత్రం, మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో పదో తరగతిలో ఉంటే ఈ ఆదివారం వాళ్ళని పక్కన కూచోబెట్టుకుని, పాస్‌వర్డు వాళ్ళనే అనుకోమని, మీకు కూడా చెప్పకుండా కొట్టమనండి.